మొదటి చిప్ప

ఫిబ్రవరి 11

తూర్పు గాలి, మధ్యాహ్నానికి పడిపోయింది. మబ్బు లేదు. వాన పడి ఇవాళ్టికి నూట ఆరు రోజులు.

పొద్దున పెదలంక బావులు ఐదూ చూశాను. కొట్టు బావి 6, బడి బావి 7, మిగతా మూడూ 6. నాలుగో బావిలో పీత చచ్చి తేలుతుంటే తీశాను. ఐదో బావి గట్టు పగిలింది, సున్నంతో పూడ్చాను. సాయంత్రం మా చేమగుంటలో ఎండాకు వేసి తొక్కాను. చేమాకు అంచులు మాడినట్టున్నాయి. ఎండకి కాబోలు.

అంకెలే కాకుండా ఆ రోజు పనీ పాటూ కూడా నాలుగు ముక్కలు రాయమని సముద్ర కమిషన్ నుంచి కాగితం వచ్చింది. ఇక్కడ మనుషులు బతుకుతున్నారని వాళ్ళకి తెలియాలట. అందుకని రాస్తున్నాను. నా పేరు మరిడమ్మ. కొరంగి లంకల దేశానికి నీటి మంత్రిని. ఒక కొబ్బరిచిప్ప, నీళ్ళలో ఉప్పెంతో చెప్పే ఒక అంకెల డబ్బా, పీతల్ని ఏరి వేసే ఒక గంప, ఇదీ నా శాఖ.

తెల్లారగానే, ఎవరూ చేద వేయకముందు నేను బావి దగ్గరికి వెళ్ళాలి. సరుగుడు కర్రకి కట్టిన చిప్పని ఏటవాలుగా దించి పైన రెండు వేళ్ళ లోతు నీళ్ళు తీయాలి. బావి కదలకూడదు. దీన్ని మొదటి చిప్ప అంటారు. అది అయ్యాకే ఊరు తోడుకుంటుంది. మా అత్త ఇలాగే తీసేది. ఆవిడకి ముందు ఆవిడ మామ తీసేవాడట. అప్పట్లో డబ్బా లేదు, నాలిక మీద వేసుకుని చెప్పేవారు. అంకె పది లోపు ఉంటే తాగే నీళ్ళు. నేను రాసిన ఇరవై రెండేళ్ళలో పది దాటిన అంకె లేదు.

ఫిబ్రవరి 14

గాలి లేదు. సముద్రం పళ్ళెంలా ఉంది.

చినలంకకి పడవేసుకుని వెళ్ళాను. అక్కడ పదకొండు ఇళ్ళు, ఒక బావి. అంకె 8. వచ్చేదారిలో కాకిలంక దగ్గర ఆగి స్తంభానికి పట్టిన గుల్లలు గీకాను. అది సరిహద్దు మంత్రి పని. ఆయనకి కంట్లో పొర వచ్చింది, పడవ ఎక్కలేడు. కాకిలంక మునిగి పన్నెండేళ్ళయింది. ఇనప స్తంభం, దాని మీద దీపం, జెండా మిగిలాయి. ఆ స్తంభం నిలబడి ఉన్నంత కాలం అటువైపు సముద్రం మాది.

ఆ సముద్రాన్నే నాచు కంపెనీకి కౌలుకి ఇచ్చాం. కౌలు కింద రెండు నెలలకొకసారి ఓడలో బియ్యం, పప్పు, మందులు, బ్యాటరీలు వస్తాయి. కొబ్బరి చెట్లు మొవ్వు కుళ్ళి పోయాక మాకు అమ్ముకునే పంట ఏదీ లేదు. మా అల్లుడు బులిరాజు కంపెనీ నాచు తెప్పల మీద పని చేస్తాడు. మూడు వారాలకి ఒకసారి ఇంటికి వస్తాడు.

మధ్యాహ్నం ఇసుక పంది బోర్లా పడింది. మడుగు అడుగున ఇసుక పెళ్ళగించి సముద్రపు గట్టు మీద పోసే యంత్రం అది. అది ఒకరోజు పడుకుంటే గట్టు ఒకరోజు తగ్గుతుంది. ఎనిమిది మందిమి తాళ్ళు కట్టి లేపాం.

ఫిబ్రవరి 20

ఎండ. ఈశాన్యంలో మబ్బు కనిపించి పోయింది.

ఓడ సరుకు దించే కొట్టులో సభ జరిగింది. పోటు నీళ్ళు కొట్టులోంచి తీశాకే సభ మొదలవుతుంది, మళ్ళీ పోటు వచ్చేలోగా ముగించాలి. అందుకని మా సభలో పెద్ద ఉపన్యాసాలు ఉండవు. అధ్యక్షుడు తాతబ్బాయి నాకు వరసకి అన్న. వల కుడుతూనే మాట్లాడాడు.

ఏప్రిల్ పందొమ్మిదిన తనిఖీ. పదేళ్ళకి ఒకసారి కమిషన్ నుంచి ఒకరు వచ్చి మూడు రోజులు కొట్టు బావి నీళ్ళు వాళ్ళ పెట్టెలో పోయిస్తారు. పెట్టె అంకెని నేరుగా కమిషన్‌కి పంపుతుంది, దాన్ని మళ్ళీ ఎవరూ మార్చలేరు. మూడు అంకెలూ కూడి మూడుతో భాగిస్తారు. పది దాటకపోతే మాది మనుషులుండే నేల. దాటితే మాది రాయి. రాయికి సముద్రం ఉండదు, కౌలు ఉండదు, ప్రభుత్వం ఉండదు. ఏ దేశం ఎంతమందిని రానిస్తే అంతమందిని అక్కడ దింపేస్తారు. వాన నీళ్ళు, యంత్రం తీసిన నీళ్ళు లెక్కకి రావు. నేల ఇచ్చిన నీళ్ళే కావాలి.

"మనం నూట నలభై ముగ్గురం," అన్నాడు తాతబ్బాయి. "ఒక్క దేశం అందర్నీ రానివ్వదు. ఒంటిల్లంక జనాన్ని ఐదు ముక్కలు చేసి పంపారు, చూశాం కదా."

విద్యా మంత్రి బుల్లెమ్మ లేచింది. "మరిడత్త చిప్ప ఉండగా మనకేం బయ్యం? ఈసారి జీతం పెంచితే ఆ చిప్పకి పెంచండి, మరిడత్తకి కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 27

ఎండ. పని మామూలే. అంకెలు 6, 7, 6, 6, 7.

మా అమ్మాయి నాంచారికి ఆరో నెల. పొద్దంతా చేపల పందిళ్ళ దగ్గర పని చేసి మధ్యాహ్నం నీళ్ళు తోడుకుని ఇంటికి వస్తుంది. ఇవాళ కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. దానికి ముందు రెండు కడుపులు పోయాయి, రెండూ ఏడో నెలలోనే.

ఆరోగ్య మంత్రి ఏసుమణి వచ్చి రక్తపోటు చూసింది. ఉప్పు తగ్గించమంది.

"ఉప్పేస్తే కదా తగ్గించడానికి," అంది నాంచారి. "మా ఇంట్లో కూరలో ఉప్పెయ్యరు, ఏసుమణత్తా."

"ఎందుకెయ్యరే?"

"ఏమో. అమ్మ ఎప్పుడూ వెయ్యలేదు."

నేను కూరలో ఉప్పు వేయడం ఎప్పుడు మానేశానో గుర్తు రాలేదు.

మార్చి 6

వడగాలి. మధ్యాహ్నం పోటు.

నిన్న గుల్ల కోసుకుని పాదం వాచింది. జ్వరం వచ్చి పొద్దున లేవలేకపోయాను. కొట్టు బావికి వెళ్ళేసరికి పన్నెండు దాటింది. ఊరంతా అప్పటికే తోడుకుంది. ఒకరోజు గడి ఖాళీగా ఉండకూడదని చిప్ప వేసి తీశాను.

14.

డబ్బా చెడిందనుకున్నాను. ఇంట్లో నిన్న పొద్దున తీసి పెట్టుకున్న సీసా నీళ్ళు పోస్తే 6 చూపించింది. డబ్బా చెడలేదు. నాంచారి కుండలో నీళ్ళు పోసి చూశాను. 14.

కమిషన్ పుస్తకంలో ఈ అంకె రాయలేదు. ఇది వేరే పుస్తకం. ఇక నుంచి ఇందులోనే రాస్తాను. కమిషన్‌కి ఇవ్వాల్సిన దాంట్లో ఇవాళ్టి గడిలో "జ్వరం" అని రాశాను.

మార్చి 8

ఎండ. గాలి లేదు.

ఏసుమణి దగ్గర ఖాళీ సెలైన్ సీసా తెచ్చుకున్నాను. దానికి రాయి కట్టి, మూతకి ఇంకో దారం కట్టాను. సీసా కావలసిన లోతుకి దిగాక దారం లాగితే మూత ఊడి అక్కడి నీళ్ళు నిండుతాయి. తెల్లారి మొదటి చిప్ప తీశాక కొట్టు బావిలో దించాను.

పైన రెండు వేళ్ళ లోతున 6. మూరెడు లోతున 19. రెండు బారల లోతున డబ్బా అంకె చూపలేదు. సముద్రపు నీళ్ళు పోసినా అది అలాగే అంకె చూపదు.

తీపి నీళ్ళు తేలిక. ఉప్పునీళ్ళ మీద నూనెలా తేలుతాయి. బావి కదలకుండా ఉంటే రెండూ విడివిడిగా తేరుకుంటాయి. తెల్లారి నేను ఆ పై పొర నుంచి చిప్పెడు తీసి అంకె రాస్తున్నాను. తరువాత నలభై చేదలు పడతాయి. బావి కలుస్తుంది. ఊరు తాగేది ఆ నీళ్ళు. మా అత్త కాలంలో తీపి నీళ్ళు ఐదారు బారల మందం ఉండేవేమో. అప్పుడు పైన తీసినా కింద తీసినా ఒకటే. ఇప్పుడు జానెడు కూడా లేవు. ఇరవై రెండేళ్ళలో రెండో చేద నీళ్ళు నేను ఒక్కసారి కూడా డబ్బాలో పోసి చూడలేదు. చూడాలని ఎవరికీ తోచలేదు.

చేమాకు మాడింది ఎండకి కాదు.

మార్చి 10

ఎండ. అంకెలు 6, 7, 6, 6, 6. మధ్యాహ్నం అంకె 14.

ఏసుమణికి చెప్పాను. తన పుస్తకం తీసి పాత పేజీలు తిప్పింది. ఆరేళ్ళలో పదిహేడు కడుపులు. అందులో తొమ్మిది పోయాయి.

"మనం గాలనుకున్నాం. కంపెనీ నాచనుకున్నాం. చినలంక దాన్నయితే మొగుడే కొట్టాడనుకున్నాం," అంది. "వాడితో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు, వదినా."

"నాంచారికి ఏం చెయ్యాలి?"

"మంచినీల్లు పట్టాలి. అంతే. మాత్తర్లున్నాయి కానీ, ఈ నీల్లు తాగుతా మాత్తరేసుకుంటే ఏం లాభం? ఎనిమిదో నెల్లో మూర్ఛ వత్తే నా చేతిలో ఏం లేదు. ఓడ మీద ఆస్పత్రికి పోవాలి."

మార్చి 11

పొద్దున కాస్త మబ్బు. చినుకు లేదు.

తాతబ్బాయి పడవకి నీళ్ళు పట్టకుండా కీలు పూస్తున్నాడు. చెప్పాను. ఆయన బ్రష్ ఆపలేదు.

"ఎవరికి చెప్పావు?"

"ఏసుమణికి."

"ఇంకెవరికీ చెప్పకు. తనిఖీకి నలభై రోజులు లేవు."

"అన్నా, ఊరంతా తాగుతున్నారు."

"ఇప్పుడు కొత్తగా తాగుతున్నారా? పదేళ్ళుగా తాగుతున్నారు. ఇంకో రెండు నెల్లు తాగితే వాన వత్తాది."

"వానొస్తే ఎంత తీపవుతుంది? జానెడు."

"మరిడీ, చిప్ప వేసేది నువ్వు. మీ అత్త నేర్పినట్టే వెయ్యి. ఆ పద్దతి నువ్వు పుట్టించింది కాదు, నేను పుట్టించింది కాదు. అందులో అబద్దం ఏముంది?"

నాంచారి గురించి చెప్పాను. అప్పుడు బ్రష్ పక్కన పెట్టాడు. బడి వెనక సిమెంటు తొట్టెలో వాన నీళ్ళు ఉన్నాయి. కరువుకని దాచినవి. తాళం ఆయన దగ్గరే ఉంటుంది. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

"రోజుకి రెండు కుండలు తీసుకో. ఎవరూ చూడకుండా. నీకు ఒక కూతురు. నాకు నూట నలభై మంది. ఇద్దరం చెరో సాయం చేసుకుందాం."

తాళంచెవి తీసుకున్నాను.

మార్చి 23

ఎండ. మొదటి చిప్ప 6. మధ్యాహ్నం 16.

నాంచారి కాళ్ళ వాపు కాస్త తీసింది. రక్తపోటు దిగింది. అన్నం చప్పగా ఉందని సణిగింది.

"ఈ నీల్లకి రుచి లేదమ్మా. చచ్చిన నీల్లు."

"తాగు."

"నువ్వు తాగవేం?"

"నాకు పాతవే బాగుంటాయి."

బులిరాజు తెప్పల నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్ళాడు. కంపెనీ వాళ్ళు తనిఖీ అయ్యేదాకా సెలవులు ఇవ్వరట. "పిల్ల పుట్టేనాటికి వచ్చేత్తాను అత్తా," అన్నాడు.

మార్చి 29

ఎండ. పడమర గాలి.

బుల్లెమ్మ తొట్టె దగ్గర పట్టుకుంది. నా చేతిలో కుండ ఉంది.

"దేశంలో కడుపుతో ఉన్నది నీ కూతురొక్కతేనా, మరిడత్తా? మా గౌరి కడుపులో ఉన్నది గుమ్మడికాయనుకున్నావా?"

గౌరి ఆవిడ కోడలు. ఐదో నెల. తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను. ఎందుకు తొట్టె నీళ్ళే కావాలో ఆవిడ అడగలేదు. తొట్టె నీళ్ళు మంచివని మాత్రం అర్థం చేసుకుంది. సాయంత్రానికి ఊరందరికీ తెలిసింది. చంటిపిల్లల తల్లులూ, కడుపుతో ఉన్నవాళ్ళూ కలిపి తొమ్మండుగురు. మనిషికి ఒక కుండ.

తాతబ్బాయి వాళ్ళని ఆపలేదు. ఆపితే మాకు ఆ నీళ్ళు ఎందుకు కావలసి వచ్చాయో చెప్పాల్సి వస్తుంది.

ఏప్రిల్ 12

ఎండ. వాన పడి నూట అరవై ఆరు రోజులు.

తొట్టె అడుగు కనిపించింది. అడుగున బురద వడకట్టి చివరి కుండ గౌరికి ఇచ్చాం. అది నాంచారి వంతు. నాంచారే ఇమ్మంది. నేను వద్దన్నాను. వినలేదు.

ఏప్రిల్ 18

మబ్బు. గాలి లేదు. ఉక్క.

కమిషన్ ఓడ వచ్చింది. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి పేరు సెరూ. నా వయసే ఉంటుంది. ఆయనదీ ఒకప్పుడు లంకే, మునిగిపోయిందట. మెడలో అనువాదం చేసే బిళ్ళ వేలాడుతుంది. ఆయన ఏదో అంటే బిళ్ళ తెలుగులో చెబుతుంది. ఏ కాలం పుస్తకాలు చదివి నేర్చుకుందో తెలియదు.

"నేను మీ జలమూలమును దర్శింపగోరుచున్నాను," అంది బిళ్ళ.

బుల్లెమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. "బావి చూపించమంటన్నాడు కాబోలు. చూపించండి, శపించేత్తాడు."

ఆయనకి చేమదుంపల పులుసు పెట్టాం. రెండు ముద్దలు తిని నీళ్ళు అడిగాడు. నేను మొదటి చిప్ప నీళ్ళు తీసి ఉంచాను, అవి ఇచ్చాను. పులుసు వదిలేశాడు. ఉప్పెక్కువైందని అనలేదు.

ఏప్రిల్ 19

మబ్బు. చినుకు లేదు.

తెల్లారి కొట్టు బావి దగ్గర సెరూ, తాతబ్బాయి, నేను. మొదటి చిప్ప తీసి పెట్టెలో పోశాను. 6. సెరూ మీట నొక్కాడు. అంకె వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం నా డబ్బాతో చూస్తే 19.

నాంచారికి మళ్ళీ వాపు. ముఖం కూడా ఉబ్బింది.

ఏప్రిల్ 20

మబ్బు. గాలి లేదు.

రెండో రోజు. 6.

పది గంటలకి నాంచారి పందిట్లో చేపలు తిరగేస్తూ కూర్చుండిపోయింది. తల పగిలిపోతోందంది. కళ్ళ ముందు మెరుపు పురుగులు తిరుగుతున్నాయంది. ఏసుమణి రక్తపోటు చూసి పట్టీ విప్పి మళ్ళీ కట్టి చూసింది. నూట డెబ్బై. నన్ను బయటికి పిలిచింది.

"ఇవాళో రేపో మూర్ఛ వత్తాది వదినా. ఆ ఓడలో డాక్టరుంది. ఎల్లి అడుగు."

సెరూ రేవులో తాళ్ళు చూసుకుంటున్నాడు. చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు. మాట్లాడేటప్పుడు నా ముఖం చూడలేదు.

"మిక్కిలి విచారము," అంది బిళ్ళ. "నివాసయోగ్యమైన దేశపు పౌరులను ఓడపై తరలించుటకు నాకు అధికారము లేదు. వారిని ఏ రేవునందును దిగనివ్వరు."

"డాక్టర్ని దింపండి."

"వైద్యురాలు శస్త్రచికిత్స ఓడయందే చేయగలదు. ఓడ ఎక్కిన పౌరుని గూర్చి నేను సమాధానము చెప్పవలసియుండును. నా ఉద్యోగమట్టిది."

"మరి ఎప్పుడు ఎక్కించుకుంటారు?"

ఆయన నా వైపు తిరిగాడు. ఏదో అన్నాడు. బిళ్ళ ఆలస్యంగా పలికింది.

"నివాసయోగ్యము కానిచో, తక్షణమే."

తాతబ్బాయి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి అప్పటికే ఎవరో చెప్పారు. గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్కరోజు మరిడీ. రేపు పొద్దున మీట నొక్కాక నేనే కాళ్ళు పట్టుకుంటాను ఆయన్ని. ఎలాగోలా ఎక్కిత్తాను."

"ఎక్కించుకోరు అన్నా. మనం గెలిస్తే ఎక్కించుకోరు. అదే చెప్పాడు."

"చెప్తారలాగే. మనుషులు కదా."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నమ్మే అంటున్నాడు.

సాయంత్రం నాంచారి దగ్గర కూర్చున్నాను. నీళ్ళు అడిగింది. పొద్దున తీసిన మొదటి చిప్ప నీళ్ళు ఇచ్చాను. అవి రెండు గుక్కలే ఉన్నాయి.

ఏప్రిల్ 21

మబ్బు. తెల్లారి గాలి లేదు.

కొట్టు బావి దగ్గరికి ఎప్పటిలా వెళ్ళాను. సెరూ పెట్టె సర్దుతున్నాడు. తాతబ్బాయి గట్టు మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళు చేదలతో వరసలో నిలబడ్డారు, నేను తీస్తే తోడుకుందామని. ముందు బుల్లెమ్మ.

"తోడుకోండి," అన్నాను.

"అదేంటి మరిడత్తా? నువ్వు తియ్యలేదుగా."

"ఇవాళ ముందు మీరు తోడుకోండి."

"జరం వచ్చిందేంటి నీకు మళ్ళీ?"

"రాలేదు. తోడుకోండి."

బుల్లెమ్మ తాతబ్బాయి వైపు చూసింది. ఆయన లేచాడు. నా చేతిలో చిప్ప చూశాడు, వరస చూశాడు. ఆపమని అనడానికి సెరూ ముందు ఆయనకి ఏ కారణమూ లేదు. ఆడవాళ్ళని నీళ్ళు తోడుకోవద్దని ఎవరు అంటారు?

బుల్లెమ్మ చేద వేసింది. తరువాత అందరూ వేశారు. నలభై రెండు చేదలు పడ్డాయి. ఇంచుమించు గంట పట్టింది. సెరూ అడిగాడు.

"నిన్నటి విధానమునకు భిన్నముగా నున్నదేమి?"

"నిన్న నేను పోసినవి ఎవరూ తాగని నీళ్ళు," అన్నాను. "ఇవాళ అందరూ తాగేవి పోస్తాను."

బిళ్ళ ఆయనకి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆయన తలూపి పెట్టె మూత తీశాడు. చిప్ప వేసి తీసి పోశాను.

19.

ఆరు, ఆరు, పందొమ్మిది. ముప్ఫై ఒకటి. మూడుతో భాగిస్తే పది మీద చిల్లర. సెరూ మీట మీద వేలు పెట్టి తాతబ్బాయి వైపు చూశాడు, తరువాత నా వైపు. నొక్కాడు.

"ఎంత?" అన్నాడు తాతబ్బాయి. అంకె ఆయనకి కనిపిస్తూనే ఉంది.

చెప్పాను.

ఆయన గట్టు మీద కూర్చుని చెప్పు పట్టీ విప్పి మళ్ళీ బిగించుకున్నాడు. "ఒక్కరోజు," అన్నాడు.

బుల్లెమ్మకి ఏం జరిగిందో తాతబ్బాయి భార్య చెప్పింది. చేతిలో నిండు చేద ఉంది. దాన్ని తెచ్చి నా కాళ్ళ దగ్గర బోర్లించింది. "మా చేతులతో చేయించావు కదే," అంది. ఈ ఇరవై రెండేళ్ళలో నన్ను "అత్తా" అనకుండా మాట్లాడటం అదే మొదలు.

కమిషన్ జవాబు రాత్రి పదకొండుకి వచ్చింది. పన్నెండు నుంచి మాకు దేశం లేదు.

ఏప్రిల్ 22

గాలి మొదలైంది. వాన లేదు.

పొద్దున పోటు రాగానే నాంచారిని తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోశాం. మోయడానికి నలుగురు కావాలి. ఏసుమణి, నేను, సెరూ, ఓడ మనిషి ఒకడు. మా వాళ్ళు ఎవరూ రాలేదు. గట్టు మీద నిలబడి చూశారు. నాంచారికి తెలివుంది.

"నీల్లు ఎవరు చూత్తారు అమ్మా?" అంది.

"ఎవరో చూస్తారు."

దక్షిణ రేవు ఇద్దరినే రానిస్తుందట. ఏసుమణి వెళ్ళింది, ఆమెకి మందులు తెలుసు కాబట్టి. పదకొండూ ఇరవైకి ఓడ కదిలింది. దక్షిణ రేవుకి రెండు రోజులు.

ఏప్రిల్ 25

గాలి. మధ్యాహ్నం జల్లు, పది నిమిషాలు.

రేడియోలో ఏసుమణి. ఓడ రేవు చేరకముందే నాంచారికి మూర్ఛ వచ్చింది. డాక్టర్ ఓడలోనే కోసింది. ఆడపిల్ల. ఆరు గంటలు బతికింది. నాంచారి బతికే ఉంది. ఎడమ కన్ను ఇంకా కనపడటం లేదు.

మే 3

వాన. పెద్ద వాన కాదు.

కంపెనీ వాళ్ళు నాచు తెప్పలు లాగేసుకున్నారు. మా మనుషులు ఆరుగురినీ తెప్పల మీద నుంచే వాళ్ళ ఓడ ఎక్కించి తూర్పు రేవుకి తీసుకుపోయారు. అందులో బులిరాజు ఉన్నాడు. దక్షిణ రేవు వాళ్ళు అతన్ని రానిస్తారో లేదో అర్జీ పెట్టుకోవాలి. కాకిలంక స్తంభం పీకేశారు. ఇసుక పందిని ఎవరూ లేపలేదు, గట్టు కింద పడి ఉంది.

కమిషన్ నుంచి తాగే నీళ్ళ డబ్బాలు దిగాయి. మనిషికి రోజుకి ఒకటి. పంచమని నాకు చెప్పారు. నేను ఇస్తుంటే జనం తీసుకుంటారు, మాట్లాడరు. కడుపుతో ఉన్నవాళ్ళకి నా వంతు డబ్బా కూడా ఇస్తున్నాను. బావి నీళ్ళు నాకు అలవాటే.

మే 17

వాన. మొదటి ఓడ. ఉత్తరం వైపు దేశానికి యాభై ఎనిమిది మంది. చినలంక వాళ్ళందరూ అందులోనే వెళ్ళారు. పెళ్ళాన్ని కొట్టాడని మేము వెలివేసినవాడు కూడా. రేవులో అతని దగ్గరికి వెళ్ళి నీళ్ళ సంగతి చెప్పాను. "అది నాకు ముందే తెలుసు," అన్నాడు. నీళ్ళ సంగతా, తను కొట్టలేదనే సంగతా, అడగలేదు.

మే 20. సరిహద్దు మంత్రి పోయాడు. ఒంట్లో ఏమీ లేదు, తినడం మానేశాడు. ఎత్తుగా ఉన్నచోట పాతిపెట్టాం.

మే 29

ఎండ. రెండో ఓడ. పడమటి దేశానికి నలభై తొమ్మిది మంది.

గౌరికి నెలలు నిండకుండానే ఈ తెల్లవారి కాన్పు అయింది. పిల్ల చిన్నది, కానీ ఏడ్చింది, పాలు తాగింది. పుట్టుక కాగితంలో దేశం అన్న గడి దగ్గర, కమిషన్ తరఫున రాసే ఆయన ఆగి, గీత గీశాడు.

సాయంత్రం బుల్లెమ్మ నీళ్ళ డబ్బా కోసం వచ్చింది. తీసుకుని వెళ్ళబోయి ఆగింది.

"ఈ డబ్బాలు రాకపోతే మా పిల్లా పోయేది. అది నేనూ అంటాను," అంది. "అలాగని నీతో మాట్లాడతానని కాదు."

వెళ్ళిపోయింది.

జూన్ 6

వాన. చివరి జాబితా వచ్చింది. మిగిలినవాళ్ళందరికీ ఈశాన్య దేశం రాశారు. దక్షిణ రేవు ఇమ్మని అడిగాను. అక్కడి వంతు ఇద్దరే, అది నిండిపోయిందన్నారు. నాంచారి దగ్గరికి ఎప్పుడు వెళ్ళనిస్తారని అడిగాను. మా వాళ్ళ కాగితాలు తేలాక అన్నారు. ఎన్నాళ్ళని అడిగితే, ఒంటిల్లంక వాళ్ళవి ఇంకా తేలలేదన్నారు. ఒంటిల్లంక పోయి తొమ్మిదేళ్ళయింది.

తాతబ్బాయి ఇంటికి వెళ్ళి జాబితా చదివి వినిపించాను. ఆయన వల మడత పెడుతున్నాడు. "అక్కడ సముద్రం ఉందా?" అన్నాడు. లేదన్నాను. వలని మడత విప్పి గోడకి తగిలించాడు.

జూన్ 11

నైరుతి గాలి, అల పెద్దది. పొద్దున వాన, తొమ్మిదికి వెలిసింది. ఓడ మడుగు బయట ఆగింది, పడవల్లో మోశారు. ఇరవై ఎనిమిది మంది, చంటిపిల్లతో కలిపి. మొదటి పడవ పదీ ఐదుకి: బుల్లెమ్మ, గౌరి, పిల్ల, ఇంకో ఎనిమిది మంది. రెండో పడవ పదీ పాతికకి: పదిమంది. మూడో పడవ పదీ యాభైకి: తాతబ్బాయి, ఆయన భార్య, మరో నలుగురు, నేను.